కుడికాలి గేరు

మహేశ్వరి ఎక్కడ కూర్చున్నా కుడి పాదం ఊరుకోదు, కనపడని గేరును తొక్కుతూనే ఉంటుంది. నలభై ఏళ్ల కిందట నిజాంసాగర్ రోడ్డు మీద జరిగిన బుల్లెట్ పందెంలోకి ఆడవాళ్లను రానివ్వకపోతే, తమ్ముడు భీంరావు పేరు మీద, హెల్మెట్ తియ్యకుండా నడిపి గెలిచింది ఆమే. కప్పు మాత్రం వాడి షోకేసులో ఉంది. రాఖీ కట్టడానికి వెళ్లినప్పుడల్లా దాన్ని చూసి పళ్లు కొరుకుతుంది.

మొన్న బాన్సువాడలో బైకు క్లబ్బు పిల్లలు భీంరావుకే శాలువా కప్పి, ఆనాటి బుల్లెట్‌ను స్టార్ట్ చేసి, దాని మీద కూర్చోబెట్టారు. గేరు వెయ్యబోయి వాడు ఎడమకాలితో బ్రేకు తొక్కాడు. మళ్లీ అదే తొక్కాడు. మహేశ్వరికి అరికాలి మంట నెత్తికెక్కింది. గుంపును తోసుకుని ముందుకొచ్చింది.

"గీ బండికి గేరు కుడి దిక్కుంటది తమ్మీ! పందెం గెలిచినోనికి గది గూడ తెల్వదా?"

భీంరావు తల వంచుకుని, శాలువా తీసి ఆమెకు అందించబోయాడు.

"అది నువ్వే కప్పుకో. ఇగ బండి దిగు!"