జేజి దిండు కింద చీనా ఆకుల పొడి

నా చిన్నప్పుడు, యుద్ధం రోజుల్లో, మేం అరబ్బు దేశంలో రాబిగ్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. నాన్న అక్కడ డ్రైవరు. కడప నుంచి ఉమ్రాకు వచ్చిన మా జేజి, అంటే నాన్న వాళ్లమ్మ, విమానాలు ఆగిపోవడంతో మా దగ్గరే ఉండిపోయింది. కిటికీలకు టేపులు అంటించుకుని, ఏ వాసన వచ్చినా విషవాయువేమోనని ఉలిక్కిపడే కాలం అది.

అప్పుడే జేజికి అన్నం సయించకుండా పోయింది. ఎప్పుడు చూసినా పడుకునే ఉండేది. ఒక ఉదయం చూస్తే కళ్లు పచ్చగా ఉన్నాయి. అమ్మ అన్నింటినీ అనుమానించింది. ట్యాంకరు నీళ్లు పారబోసింది, దుకాణంలో మాంసం కొనడం మానేసింది. నాన్న ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరు రక్తపరీక్ష చేయించి, ఏమైనా మందులు వాడుతున్నారా అని అడిగాడు. జేజి లేదంది.

సాయంత్రం పక్కింటి అక్క చూడ్డానికి వచ్చింది. కర్నూలు మనిషి, నర్సు. గోడ పట్టుకుని నడిచే జేజి, పడకేయడానికి ముందు కొన్నాళ్లు చకచకా తిరగడం ఆమె గమనించింది. నొప్పులకు ఏదో వాడి ఉంటుందని ఆమె అనుమానం. అది బయటపడనివ్వకుండా మంచం మీద కూర్చుని తన మోకాలు పిసుక్కుంది.

"నాకూ నొప్పులు పట్టుకున్యాయి జేజీ. నీకెట్ల తగ్గె?"

జేజి ముఖం వెలిగింది. దిండు కింద నుంచి పొట్లం తీసింది. "మేడమీదామె ఇచ్చిందిలేమ్మా. చీనా ఆకుల పొడి. నువ్వూ ఇంత తీసుకో."

"డాక్టరుకు చెప్పల్యా?"

"ఆకులకేం చెప్పేది? మందడిగినాడు, లేదన్యా."

అక్క కోప్పడలేదు. పొట్లం మడిచి జేజి చెయ్యి పట్టుకుంది. "ఆకైనా లోపలికి పోతే మందే జేజీ. పా, డాక్టరుకు చూపిచ్చుకోనొద్దాం."

కాలేయం దెబ్బతిందనీ, ఆ పొడి వల్లే అయ్యుండొచ్చనీ డాక్టరు చెప్పి, జేజిని అక్కడే ఉంచుకున్నాడు. జేజి తన గురించి ఏమీ అడగలేదు. "మేడమీదామె కూడా తాగుతాండాది, పోయి చెప్పండి" అంది.

అమ్మ చెబితే మేడమీదామె నమ్మలేదు. తన మీద నింద వేస్తున్నారనుకుని తలుపు వేయబోయింది. అమ్మ ఆమె చెయ్యి వదల్లేదు. "ఒక్కసారి మా అత్త కండ్లు చూసిరాక్కా, ఆనెంక నీ ఇష్టం" అంది. ఆమె వెళ్లింది. తిరిగొచ్చి తన పొడి డబ్బా మొత్తం చెత్తలో గుమ్మరించింది.

జేజి కోలుకోవడానికి చాలా వారాలు పట్టింది. మోకాళ్ల నొప్పులు మళ్లీ వచ్చాయి. తిరిగి కడపకు వెళ్లే దాకా వాటిని తిట్టుకుంటూనే నడిచింది.

ఇప్పుడు నాకూ వయసు మీద పడింది. ఏమేం వాడుతున్నారని డాక్టరు అడిగితే మాత్రలతో పాటు కషాయాలూ పొడులూ అన్నీ చెబుతాను. ఎవరైనా ప్రేమగా ఇచ్చినవి అన్నింటికంటే ముందు చెబుతాను. మనకు అనుమానం రానివి అవే.