బండ మీద బి.ఏ.

"మీ యూనివర్సిటీని ఏ చట్టం కింద పెట్టినారప్పా?" అన్నాడు హెడ్మాస్టరు, పైనుంచి వచ్చిన కాగితం నా ముందుకు తోసి.

నాకు నవ్వొచ్చింది. చదువు చెప్పడానికి చట్టమెందుకనుకున్నాను. ఆత్మకూరు దగ్గర ఒక హైస్కూల్లో రెండేళ్ళుగా టెంపరరీగా లెక్కలు చెబుతున్నాను. ఉద్యోగం ఖాయం చేయడానికి నా పట్టా పరిశీలనకు వెళ్ళి, ఈ ప్రశ్నతో తిరిగొచ్చింది. ఢిల్లీలో కొత్త చట్టం చేశారట. పార్లమెంటో, శాసనసభో చట్టం చేసి పెట్టినదే యూనివర్సిటీ. మిగతావాళ్ళు ఆ పేరు వాడకూడదు.

మరునాడే కర్నూలు బస్సెక్కాను. నేను చదివింది అక్కడే, ఒక కిరాణా కొట్టు పైనున్న మేడలో. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఏ మేడ మీద ఏ బోర్డు కనిపించినా నమ్మేవాళ్ళం. మద్రాసు పోయి చదివే తాహతు మాకు లేదు.

నేను వెళ్ళేసరికి పెయింటరు నిచ్చెనెక్కి, బోర్డులో ఆ ఒక్క మాట మీద తెల్లరంగు కొడుతున్నాడు. ప్రిన్సిపాలు కింద కుర్చీ వేసుకుని చూస్తున్నాడు.

"పేరు మార్చినాము, అంతే. నీ చదువు యాడికీ పోదులేప్పా" అన్నాడు తాపీగా.

చెంప పగలగొట్టాలనిపించింది. అలవాటు కొద్దీ చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆ చేతుల మీద నాకు ఈనాటికీ కోపమే.

సాయంత్రం మా ఊరు చేరేసరికి, నాయన కొత్తగా కట్టించిన ఇంటి ముందు జనం. పట్టా పైకి పోయిందని నేను రాసిన జాబు ఎవరిచేతో చదివించుకుని, ఉద్యోగం ఖాయమైనట్టే అనుకున్నాడు నాయన. కొత్త ఇంటి వాకిలి పైన కడప బండ పెట్టి యజమాని పేరు చెక్కించడం మావైపు రివాజు. ఆయన నా పేరు చెక్కించాడు. పక్కన బి.ఏ., కింద యూనివర్సిటీ పేరు మొత్తం. రాతిపనివాడు అప్పటికే బండను గోడలో బిగించేశాడు.

నాయనకు చదువు రాదు. కట్టెపుల్లతో ఒక్కొక్క మాటా చూపించి, "ఇదేమిరా? ఇది?" అని నాచేత చదివించుకున్నాడు. అంతా చదివాను. జనం వెళ్ళాక విషయం చెప్పాను.

"ఢిల్లీవాళ్ళకు మనమేం అన్యాయం చేసినామురా?" అన్నాడు.

చట్టం మంచిదే, నాలాంటివాళ్ళు మోసపోకూడదనే చేశారు. ఆ మాట ఆయనకెట్లా చెప్పాలో తెలియక ఏడ్చాను.

నెలాఖరుకు నా పని పోయింది. బండ తీస్తే గోడ దిగుతుందని పనివాడు దాన్ని ముట్టుకోలేదు. నాయన మాత్రం ఆ వాకిలి తొక్కడం మానేశాడు. బతికినన్నాళ్ళూ పశువుల కొట్టం వైపు నుంచి వంగి లోపలికి వచ్చేవాడు. ఎవరైనా అడిగితే, "మోకాళ్ళు నొప్పులప్పా, ఆ మెట్లు ఎక్కలేకుండా ఉండాను" అనేవాడు. ఏటా శివరాత్రికి నల్లమల దాటి శ్రీశైలం నడిచిపోయి వచ్చే మనిషి.