పొద్దుటి ముగ్గు

మొన్న గోపన్‌పల్లిలోని మా అపార్ట్‌మెంటు గుమ్మం ముందు అంటించిన స్టిక్కరు ముగ్గు ఒక మూల లేచిపోతే, దాన్ని అతికించే పని మా ఆవిడ నాకు అప్పగించింది. వంగి ఆ మూలను వేలితో అదుముతుంటే, ఇతరుల వేళ్ళు చూస్తూ గడిపేసిన నా డాక్టరు జీవితమంతా గుర్తుకొచ్చింది.

కీళ్ళవాతం డాక్టరునంటే ఆ రోజుల్లో మా బంధువులే మోకాళ్ళకు ఏ నూనె మంచిదని అడిగేవారు. ఒంటిని కాపాడాల్సిన శక్తే కీళ్ళ మీదికి తిరగబడుతుందని, కంచే చేను మేసినట్టని చెబితే నవ్వి ఊరుకునేవారు. మాదాపూర్‌లో గాజు మేడలు లేస్తున్న కాలమది. నా క్లినిక్కు అక్కడే, సాయంత్రాలు తెరిచేవాణ్ణి.

ఒకనాడు పాలమూరు నుంచి ఆ మేడల కట్టుబడి పనికి వచ్చిన కుటుంబంలోని కొత్తకోడలిని అత్తగారు వెంటబెట్టుకొచ్చింది. పిల్ల పొద్దున లేస్తూనే వేళ్ళు ముడుచుకోవంటుందట, చీపురు పట్టదు, ముగ్గు వెయ్యదు, మధ్యాహ్నానికి మాత్రం బిందెలు మోస్తుందట. "అన్నీ ఏషాలే సారూ. మీరు గూడ ఏం లేదంటే రేపే తల్లిగారింటికి పంపిస్త," అంది. ఆ పిల్ల తల దించుకుని తన చేతులే చూసుకుంటోంది. ఆ సాయంత్రం వేళప్పుడు నాకూ వాటిలో చెప్పుకోదగ్గ వాపు కనిపించలేదు కానీ, ఈ జబ్బు పొద్దున్నే బయటపడుతుందని తెలిసినవాణ్ణి కనక తెల్లారగానే ఇద్దరినీ రమ్మన్నాను.

మర్నాడు ఇంట్లోంచి ముగ్గుపిండి పట్టుకెళ్ళి, క్లినిక్కు గుమ్మంలో నాలుగు చుక్కలు పెట్టమని ఆ పిల్లకు చెప్పాను. పిండి వేళ్ళ మధ్య నిలవక ఒక్కచోటే కుప్పగా జారిపోయింది. అత్తగారు కాసేపు చూసి, ఉబ్బిన ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, "గింత కాలుతున్నదేందే, నాకు ముందుగాల ఎందుకు చెప్పలే?" అంది. పిల్ల చెబుతూనే ఉందని ఆవిడకీ తెలుసు.

మందులు పనిచెయ్యడానికి నెలలు పట్టింది. అన్నాళ్ళూ అత్తగారే ముగ్గు వేసిందట. ఒకరోజు లోపలికి వస్తూనే, నేను రక్తపరీక్ష కాగితం అందుకోకముందే, "ఇయ్యాల అదే ఏసింది సారూ," అంది. అప్పటినుంచి ఏ ఆడమనిషి వచ్చినా పొద్దున ముగ్గు వేశారా అని అడగడం అలవాటైంది. ఎన్ని పరిశోధన వ్యాసాలు రాసినా అంతకంటే మంచి కొలత నాకు దొరకలేదు.

ఈమధ్య ఒక సాఫ్ట్‌వేరు అమ్మాయిని అలాగే అడిగితే, స్టిక్కరుందండి అని నవ్వింది. నేనూ నవ్వాను. మందులు ఎంతో మెరుగయ్యాయి, అందుకు సంతోషమే. కానీ మొన్న మూల అతికించి లేచి చూస్తే, కారిడార్ పొడవునా గుమ్మాలన్నిటి ముందూ ఒకే తామరపువ్వు, ఒక్క గీతైనా వణకలేదు. ఏ తలుపు వెనక ఎవరి వేళ్ళు తెల్లవారేసరికి బిగుసుకుపోయాయో ఇక ఎవరు చెబుతారు?