గోడ ఎండనివ్వమన్న తాత

మా గుడి తాత పోయారు. తెలంగాణ వచ్చిన రోజున ఉప్పల్ చౌరస్తాలో చల్లిన గులాల్ మరకలు ఇంకా డివైడర్ల మీద ఉండగానే, ఒక పొద్దున ఆయన కోడలు ఫోన్ చేసింది. "మామ ఇగ లేడు సారూ. చాయ్ తాగుమని లేపపోతే లేవలే" అంది. బోడుప్పల్ నుంచి నాచారం పాత ఊరికి ఎంతో దూరం లేదు గానీ, మెట్రో స్తంభాల కోసం తవ్విన రోడ్ల మధ్య ఆటో ఆగి ఆగి వెళ్లేసరికి గంట పట్టింది. అప్పటికే ఆయన్ని పెట్టెలో పడుకోబెట్టారు.

ఈ నాలుగు మాటలూ కోపంతో రాస్తున్నాను. పోయినవారి గురించి రాసేటప్పుడు మనసు నిమ్మళంగా ఉండాలంటారు. నాకు లేదు, ఉన్నట్టు నటించలేను.

భూస్థాపనకు ముందు కొత్త మందిరంలో కూడిక జరిగింది. నున్నటి టైల్స్, గోడ నిండా స్పీకర్లు, ముందు పెద్ద స్క్రీను, దాని మీద తాత ఫొటో. మా కమిటీ సెక్రటరీ మైకు పట్టుకుని, "ఈ మందిరానికి తాత మూలస్తంభం" అన్నారు. మూలస్తంభమట! ఐదేళ్ల కింద ఇదే మనిషి ఇదే ఆవరణలో, "ఆ ముసలాయనను మీటింగులకు పిలవకున్రి, ఉత్తగ సతాయిస్తడు" అన్నది నేను చెవులారా విన్నాను. విని ఊరుకున్నాను. బయటికి వస్తుంటే గుమ్మం పక్కన క్రోటన్ మొక్క పెట్టిన రాతి తొట్టి కనబడింది. అది పూలతొట్టి కాదు. మూడు తరాల పిల్లలకు అందులోని నీళ్లతోనే బాప్తిస్మం ఇచ్చారు.

తెలియనివారికి పాత గుడి, అంటే మా పాత చర్చి, సంగతి చెప్పాలి. నాచారం ఇంకా ఊరుగా ఉన్న కాలంలో ఒక తెల్లదొర దాన్ని కట్టించాడట. ఆయన తన దేశంలో తాను పుట్టిన పల్లె గుడిని గుర్తు చేసుకుని కాగితం మీద గీసి ఇచ్చాడట. ఆ పల్లె గుడి అప్పటికే ఐదారు వందల ఏళ్లదని చెప్పుకునేవారు. ఇక్కడి గుట్ట రాయితో, డంగు సున్నంతో మన మేస్త్రీలు కట్టారు. వాళ్లలో తాత వాళ్ల తాత ఒకరు. రెండు మూరల మందం గోడలు, ఎత్తున సన్నటి కిటికీలు, జనం కూర్చునే హాలుకూ రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఉండే లోపలి గదికీ మధ్య పెద్ద రాతి కమాను. బాప్తిస్మపు తొట్టి సరిగ్గా గుమ్మం దగ్గర. ఎందుకక్కడ అని అడిగితే తాత, "ఇంట్లకు వచ్చేటోడు కాళ్లు ఏడ కడుగుతడు సారూ? వాకిట్లనే గద" అన్నారు.

ఆయన పని గంట కొట్టడం, తలుపులు తీయడం, గోడలు చూసుకోవడం. జీతం పేరుకు మాత్రమే. మీటింగు పుస్తకంలో ఆయన్ని 'వాచ్‌మన్' అని రాసేవారు.

నేను కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చినవాణ్ణి. ఒక ప్రభుత్వ రంగ సంస్థలో సివిల్ డిప్లొమా మీద పని. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మొదటి ఆదివారం మేమిద్దరం ఆ గుడికి వెళ్లాం. అందరూ చాపల మీద కూర్చున్నారు. నా భార్యకు ఏడో నెల, కింద కూర్చోలేక అవస్థ పడుతోంది. తెల్ల పంచె కట్టుకున్న పెద్దాయన ఎక్కడినుంచి వచ్చారో, "బిడ్డా, నువ్వు కింద కూసోవద్దు. గోడకాడికి రా" అన్నారు. హాలు చుట్టూ గోడను అంటిపెట్టుకుని మోకాలెత్తు రాతి అరుగు ఉంది. "గిది నీ అసొంటోళ్లకే కట్టిన్రు. ముసలోళ్లు, కడుపుతోనున్నోళ్లు, పానం బాగ లేనోళ్లు. వీపు ఆనిచ్చి కూసో, గోడ మంచిగ సల్లగుంటది" అన్నారు. మా ఆవిడ వీపు ఆనించి కళ్లు మూసుకుంది. కొత్త ఊళ్లో మమ్మల్ని పలకరించిన మొదటి మనిషి ఆయనే.

కొత్త మందిరంలో అరుగు లేదు. ఏసీ ఉంది.

ఏటా వానలు వెనకపట్టాక తాత గుడి వెనక గుంటలో సున్నం నానేసేవారు. ఇసుక, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి, వారాల తరబడి కలియబెట్టేవారు. తొందర పెడితే వినేవారు కాదు. ఒకసారి చూడ్డానికి వెళ్లిన నన్ను కూడా ఆ పనిలో దింపారు. సాయంత్రానికి నా చేతులు మండిపోతే కొబ్బరినూనె రాస్తూ, "చేతులు మంచిగనే ఉన్నయ్ సారూ, జర పని నేర్పాలె గంతే" అని నవ్వారు. గోడను వేలి కణుపులతో తట్టి, చెవి ఆనించి, ఎక్కడ సున్నం వదిలిందో చెప్పేవారు. "గోడ వానకు నీళ్లు తాగుతది, ఎండకు ఇడుస్తది. మనం నడుమ అడ్డం పోవద్దు." ఆయన చదువంతా ఆ రెండు మాటల్లో ఉంది. నా డిప్లొమాలో ఆ రెండు మాటలు లేవు.

లోపలి గదిలో ఒక పొడుగాటి టేకు పెట్టె ఉండేది, దానికి మూడు తాళాలు. బాప్తిస్మాల, పెళ్లిళ్ల పుస్తకాలు అందులో ఉండేవి. ఒక తాళంచెవి పాస్టరయ్య దగ్గర, ఒకటి సంఘ పెద్ద దగ్గర, ఒకటి తాత దగ్గర. ముగ్గురూ ఉంటేనే తెరవాలి. మా పాప పేరు రాయించిన రోజున సంఘ పెద్ద ఆలస్యంగా వచ్చారు. ఆయన తాళానికి మారు చెవి పాస్టరయ్య దగ్గర ఉందట, "తెరిచేద్దాం తాతా" అన్నారు. తాత కదల్లేదు. "ఒక్కడు లేకుంట తెరిస్తే అది దొంగతనమే అయ్యగారూ. మంచోడు తెరిచినా గంతే." పాప ఏడుస్తూనే ఉంది, అందరం అలాగే నిలబడ్డాం. ఆ పెట్టె ఇప్పుడు ఎవరింట్లో టీవీ కింద ఉందో నాకు తెలుసు. పేరు రాయను. చదువుతారు, తెలుసుకుంటారు.

ఇక నా సంగతి. గుడిని బాగు చేయిద్దామని కమిటీ అనుకున్నప్పుడు, "మీరు ఇంజినీరు గద, మీరే చెప్పున్రి" అని నన్నడిగారు. గోడలు సున్నం రాలుస్తున్నాయి, బట్టలకు అంటుతోంది అని అందరి ఫిర్యాదు. నేను దర్జాగా చెప్పాను: పాత సున్నం గీకేసి, లోపలా బయటా సిమెంటు ప్లాస్టరింగ్, మీద పెయింటు. తాత పరుగున వచ్చారు.

"వద్దు సారూ. రాతికి, సున్నానికి సిమెంటు పడది. లోపటి సెమ్మ బయటికి రాదు."

"తాతా, ఇప్పుడు అందరూ సిమెంటే వాడుతున్నారు. గోడ గట్టిపడుతుంది."

"గట్టిగనే ఉన్నది గద సారూ. దానికేం రోగమొచ్చిందని?"

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇవాళ నా మొహం నేనే చూసుకోలేను.

రెండు వానాకాలాలు గడిచాయి. పెయింటు బుడగలు లేచింది. ప్లాస్టరింగు పెచ్చులుగా ఊడింది, మోకాలి ఎత్తు దాకా నల్లటి చెమ్మ, ముక్కు మూసుకునే వాసన. ఆయన చెప్పింది అక్షరాలా జరిగింది. మరి కమిటీ ఏమనాలి? "గోడలు కుళ్లిపోయినయి, పాతదైపోయింది, ఎప్పుడు కూలుతదో తెల్వదు" అన్నారు. పాతదాన్ని పాడుచేసింది మేము, పాతబడిందన్న నింద దానికి. కూలగొట్టి పెద్ద మందిరం కడదామన్నారు. దాని రంగురంగుల బొమ్మ గీయించారు, శంకుస్థాపన ఆహ్వాన పత్రంలో నా పేరు పక్కన 'కన్వీనర్' అని వేశారు. గోడలు పనికిరావని ఒక ఇంజినీరు సంతకం పెడితే చాలు.

తాత షేర్ ఆటో ఎక్కి బోడుప్పల్‌లో మా ఇంటికి వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"రెండు ఎండకాలాలు ఇయ్యున్రి సారూ. ఆ సిమెంటు నేను గీకేస్త. ఎవ్వర్ని పిలువ, నేనొక్కన్నే గీకుత. గోడను ఎండనియ్యున్రి. అప్పటికి కూడ సెమ్మ ఉంటే, మీ ఇష్టమున్నట్టు జేసుకోన్రి."

"చూద్దాం తాతా" అన్నాను.

మర్నాడు సంతకం పెట్టాను. ఎందుకు పెట్టానో దాచుకోను. గోడ బాగుందని రాస్తే, తప్పు నా సిమెంటుదని కూడా రాయాలి. పదిమందిలో ఆ మాట ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. సెక్రటరీ మీద నేను పళ్లు కొరుకుతున్నాను గానీ, ఆయనకు గోడల గురించి తెలియదు. నాకు చెప్పారు. తెలిసీ చేశాను. ఈ కోపంలో సగం కన్నా ఎక్కువ నా వాటాయే.

ఆ తర్వాత కూడా తాత ప్రతి ఆదివారం వచ్చారు. ప్లాస్టిక్ కుర్చీల చివరి వరసలో కూర్చునేవారు. నన్ను చూస్తే, "వందనాలు సారూ, బిడ్డ మంచిగ సదువుతుందా?" అని అడిగేవారు. ఒక్కసారైనా తిట్టలేదు. ఒక్కసారి తిట్టి ఉంటే ఇవాళ ఇంత బరువు ఉండేది కాదు. ఆయన మంచితనం మీద కూడా నాకు కోపంగానే ఉంది.

గుడి కూలగొట్టిన రోజు చెప్పి ముగిస్తాను. ఎండాకాలం చివర్లో ఒక రోజు పొద్దున్నే జేసీబీ వచ్చింది. ప్రార్థన చేశారు, ఫొటోలు దిగారు. గంటలో నేలమట్టం అవుతుందని అందరికీ టిఫిన్లు చెప్పారు. పైకప్పు పెంకులు, దూలాలు ముందే దింపేశారు, పక్క గోడలు కొట్టడానికే మధ్యాహ్నం దాటింది. కుళ్లిపోయాయని నేను రాసిచ్చిన గోడలు! తర్వాత కమాను. బండి ముందుకు ఉరికింది, గుద్దింది, వెనక్కి వచ్చింది. మళ్లీ గుద్దింది. రాయి పెళ్లలు లేచాయి గానీ కమాను కదల్లేదు. బకెట్ పళ్లలో ఒకటి విరిగి పడింది. డ్రైవర్ దిగి చెమట తుడుచుకుంటూ, "ఎవలు సార్ ఇది కూలుతదని చెప్పింది?" అని అడిగాడు. ఎవరూ నా వైపు చూడలేదు. అందరూ పొద్దున తిని పడేసిన ఇడ్లీ ప్లేట్ల వైపు చూశారు.

బండి మళ్లీ గుద్దింది. ఓ పక్కన దింపిన దూలాల మీద కూర్చున్న తాత భుజాలు ప్రతి దెబ్బకూ అదరడం నేను చూశాను. నాలుగో దెబ్బకో ఐదో దెబ్బకో ఆయన లేచి, చెయ్యెత్తి బండిని ఆపారు. అడ్డం పడతారనుకుని సెక్రటరీ ముందుకు వచ్చారు. తాత ఆయన వైపు చూడనేలేదు. నేరుగా డ్రైవర్ దగ్గరికి వెళ్లి, కమాను పైకి వేలు చూపించారు.

"గట్ల గోస పెట్టకు బిడ్డా. అగో, ఆ నడిమి రాయి సూడు. అన్ని రాళ్లు దాని మీదనే ఆనుకొని ఉన్నయ్. దాన్ని కింది నుంచి మెల్లగ పైకి లేపు. అదే దిగుతది."

డ్రైవర్ అలాగే చేశాడు. రాళ్లన్నీ ఒక్కసారి, పెద్ద చప్పుడు కూడా లేకుండా దిగాయి. తెల్లటి దుమ్ము లేచి మమ్మల్నందరినీ కప్పేసింది. దుమ్ములోనే తాత ఆ కుప్ప దగ్గరికి నడిచారు. విరిగిన గోడలో, సిమెంటు ఊడి ఎండ తగిలిన చోట, నడుమ నుంచి పిడికెడు సున్నం తీసుకున్నారు. నా దగ్గరికి వచ్చి, నా చేయి పట్టుకుని, అరచేతిలో పోసి, వేళ్లు మూసి వెళ్లిపోయారు.

నేను పిడికిలి విప్పి చూశాను. లోపలి సున్నం పొడిగా, పిండిలా తెల్లగా ఉంది. ఎక్కడా చెమ్మ లేదు.