టేపులో మిగిలిన జానెడు

ఒట్టు వేయమంటే వేస్తాను. అయినా నమ్మకపోతే ఖరగ్‌పూర్ పూరీ గేట్‌కి వచ్చి మా సింహాచలం బావ ఎడమచెయ్యి చూడండి.

డెబ్బైల నాటి మాట. ఖరగ్‌పూర్‌లో బావ పనిచేసే రైల్వే వర్క్‌షాపు ఆఫీసులో ఒక చిన్న కంప్యూటర్ దిగింది. నత్తనడక దానిది. తనని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ తనే తయారుచేసుకునే సత్తా లేదు. అందుకని నేను ఉద్యోగం చేసే చోట ఉన్న పెద్ద, వేగమైన కంప్యూటర్ మీద నేనే తయారుచేశాను. చిన్నదాంట్లో ఎలా నడుస్తుందో పెద్దదాని మీదే ఉత్తుత్తిగా నడిపించి చూశాను. ప్రింటర్ ఒక్కసారి కీచుమంది... అంతే. కాగితం మీద 'రెడీ' అని వచ్చింది. సంబరపడ్డాను.

అదంతా కాగితపు టేపు మీద చిల్లులుగా తీసి, సైకిల్ మీద ఝపటాపూర్ దాటి బావ దగ్గరికి వెళ్లాను. రాత్రి... మేమిద్దరమే.

"ఠీక్ హై, ఎక్కించు" అన్నాడు బావ. ఎక్కించాను.

ఠప్.

చాలాసేపు ఏమీ లేదు... మళ్లీ ఠప్. టేపు కాస్త జరిగినప్పుడల్లా కంప్యూటర్‌కి తగిలించిన టెలిప్రింటర్ కొడుతోంది. కాగితం మీద అక్షరం మాత్రం లేదు.

"ఏటి బావా, రిబ్బన్ లేదా?"

బావ బల్ల మీద ఎడమచెయ్యి పరిచాడు. కుడిచేత్తో పెద్ద స్పానర్ అందుకున్నాడు. టెలిప్రింటర్ ఠప్‌మంది. స్పానర్ దిగింది... తన చేతి మీదే!

వేళ్లు విరిగిన చప్పుడు విన్నాను. మనిషి అరవలేదు. ఠప్... మళ్లీ దిగింది. రక్తం మీటల మీద చిందింది.

"ఒగ్గెయ్ బావా! సచ్చిపోతావు!" అంటూ మీద పడ్డాను. నా భుజం మీద ఒక్కటిచ్చాడు. గోడకి కొట్టుకుని పడ్డాను. అదీ ఠప్‌తోనే. తాళం తప్పలేదు.

అప్పుడు అనిపించింది... పెద్ద కంప్యూటర్ దగ్గర నేను విన్న కీచు ఇదేనేమో. అక్కడ క్షణంలో అయిపోయింది. ఇక్కడ నెమ్మదిగా, ఒక్కో దెబ్బగా జరుగుతోంది.

బావ స్పానర్‌ని తన తల మీదికి ఎత్తాడు. అక్క ముఖం గుర్తొచ్చింది. పాక్కుంటూ వెళ్లి మెయిన్ స్విచ్ లాగేశాను.

స్పానర్ గాల్లోనే ఆగింది.

"ఏటైనాదిరా?" అన్నాడు బావ. చెయ్యి చూసుకుని, అప్పుడు అరిచాడు.

నిద్రలేక మతి తప్పిందన్నాడు డాక్టరు. కావచ్చు. ఆ టేపు నా దగ్గరే ఉంది. స్విచ్ లాగేసరికి నడవకుండా మిగిలింది ఇంకో జానెడు. కాల్చేద్దామంటే చెయ్యి రాదు.

బావ చీమకైనా హాని చెయ్యడు. కానీ మా ఇంటికొస్తే, టీ తాగుతూ ఆ వంకర వేళ్లతో బల్ల మీద కొడతాడు. ఠప్... ఠప్. నవ్వుతూ అడుగుతాడు.

"ఏరా బామ్మర్దీ, మిగిలింది కూడా ఓపాలి నడిపించి సూద్దామేటి?"