రోశమ్మ కాలి మీది గీత

“ఆ కాలు నీ ఒక్కదానిదే అనుకుంటాండావా?”

“కాదమ్మా, పంచాయతీది. పోయి అడుగుపో, దానికి గూడా పన్ను కడతాండామేమో.”

“ఎకసెక్కాలు ఆడబాక. రేత్రంతా మూలిగినావు, నేను ఇనలేదనుకున్నావా?”

“మూలిగితే ముసిల్ది అంటారు, మూలగకపోతే మొండిది అంటారు. నువ్వు పోయి జడేసుకో. నీ దుకాణానికి టైమైతాంది.”

పొద్దున ఆరు గంటలు. రోశమ్మ పెద్దమ్మ ఇంటి ముందర ఆటో ఆపి హారన్ మీద చెయ్యి పెట్టినవాణ్ణి, లోపలి మాటలు ఇని తీసేసినా. తగువాడుతున్న రెండో మనిషి ఆమె కూతురు రూబీ. గిద్దలూరులో బట్టల దుకాణంలో పనిచేస్తాది. నా వెనక సీట్లలో పదిమంది ఆడోళ్ళు అప్పటికే ఇరుక్కుని కూర్చోనుండారు. “తల్లీకూతుర్ల ప్రార్థన ఇయ్యాల పెద్దదే” అని ఏసమ్మ నవ్వింది. ఎవరూ ఆమెతో కలిసి నవ్వలేదు.

రోశమ్మ మా ఊరి కూలి ముఠాకి మేస్త్రి. మా ఊరు రాచర్ల పక్కన. చదువు మధ్యలో వదిలేసి నేను ఆటో పట్టుకున్నప్పట్నుంచి ఈ ముఠాని చేలకి తీసుకుపోయేది నేనే. పత్తి తీత, కంది కోత, మిరపకాయల కోత, ఏ పనికైనా రైతులు ముందు రోశమ్మకే ఫోన్ చేస్తారు. ఏ మనిషి చెయ్యి ఎంత చురుకో ఆమెకి తెలుసు. చురుకైనదాని పక్క సాలులో బద్ధకస్తురాలిని నిలబెడుతుంది, సిగ్గుతోనైనా చేస్తుందని. కడుపుతో ఉన్నదాన్ని గట్టు పక్క సాలులో పెడుతుంది. రైతు మాట తూలితే “అయ్యా, కాయలు చెట్టు మీదనే ఎండనీయండి, మేం పోతాం” అని చెంగు దులిపి లేస్తుంది. మళ్ళీ ఆ రైతే బతిమాలుకుంటాడు. పద్దెనిమిదేళ్ళలో ఆమె లేకుండా ముఠా కదలలేదు. యాభై రెండేళ్ళ మనిషి, జ్వరమొస్తే ఒక మాత్ర మింగి కొడవలి పట్టుకునే రకం. ఎడమ పిక్క మీద ఆ కొడవలి గాటే ఒకటుంది, తెల్లగా, చిటికెన వేలంత.

ఇంక ఆగలేక లోపలికి పోయినా. “పెద్దమ్మా, చూపియ్యి” అన్నా.

“నువ్వేమన్నా డాక్టరువా?”

“కాదు. సగం డిగ్రీవాణ్ణి. సగం కాలు చూపియ్యి.”

చీర పైకి జరిపింది. నా నోట్లో ఎకసెక్కం ఆరిపోయింది. మడమ దగ్గర్నుంచి పిక్క మొదటి దాకా ఎర్రగా, తోలు బిగదీసినట్టు మెరుస్తా ఉంది. అరచెయ్యి దగ్గరికి తీసుకుపోతే తాకకముందే వేడి తగిలింది. వేలితో నొక్కితే అక్కడ గుంట పడి, గుంట అట్లనే ఉండిపోయింది.

శనివారం అరికాల్లో చిల్లకంప ముల్లు దిగితే పిన్నీసుతో పెరికి పారేసిందంట. సోమవారానికి కాలు బరువెక్కింది. మా వైపు కాలు నొప్పి అంటే ఎవరూ రెండోసారి చూడరు. బోరు నీళ్ళలో ఫ్లోరైడు, నలభై దాటిన ప్రతి మోకాలూ పట్టేస్తుంది. “నీళ్ళ నొప్పులేలే” అనేస్తారు. రోశమ్మ గూడా అదే అనుకునింది. మందుల దుకాణం ఉమామహేశ్వర్లు నొప్పి సూది వేసినాడు. మధ్యాహ్నానికి జ్వరం దిగింది, నొప్పి తగ్గింది. అంతే, రెండు రోజులు ఆ కాలి మీదనే నిలబడి కాయలు కోసింది.

“గజ్జల్లో బిళ్ళ గూడా కట్టింది” అని రూబీ చెప్పింది.

“చిన్నప్పుడు ఎన్నిసార్లు కట్టలేదు!” అని రోశమ్మ.

దారిలోనే గదా, ఒక సూది వేయించుకుని పోదామని అబద్ధం చెప్పి ఆరోగ్య కేంద్రం దగ్గర ఆపినా. డాక్టరు ఇంకా రాలేదు. రజిని సిస్టర్ ఉండింది. కాలు చూసి, నాడి పట్టుకుని, గజ్జల్లో తడిమి చూసి, మెల్లగానే మాట్లాడింది గానీ ప్రతి మాటా గట్టిగా చెప్పింది.

“బిళ్ళ కట్టిందంటే ఏందో తెల్సా రోశమ్మా? కాల్లో దూరింది పైకి పోకుండా నీ ఒళ్ళు అక్కడ అడ్డం నిలబడింది. ఎంతసేపు నిలబడతాదో నేను చెప్పలేను. నొప్పి సూదితో జ్వరం కనపడకుండా పోయింది, లోపలిది మాత్రం దాని పని అది చేసుకుంటానే ఉంది. పైగా నువ్వు నిలబడి దానికి దోవ ఇచ్చినావు. నా మాటిని మార్కాపురం పెద్దాసుపత్రికి పో. అడ్మిట్ చేసుకుంటారు.”

“నేను పోను.”

“ఎందుకు పోవు?”

“పోను అంటే పోను. ఈడనే సూది వెయ్యి.”

సిస్టర్ నా మొహం చూసింది. రూబీ తలకాయ దించుకునింది. ఆ సంగతి మా ఊర్లో అందరికీ తెలుసు. రోశమ్మ భర్త యోసేపు షుగరు మనిషి. కాలి వేలి పుండుతో పెద్దాసుపత్రికి పోయినాడు, మోకాలు లేకుండా తిరిగొచ్చినాడు. మూడేళ్ళు మంచంలో ఉండి పోయినాడు. ఆసుపత్రి మంచం ఎక్కితే కాలు దిగదని రోశమ్మ మనసులో ముద్ర పడిపోయింది.

సిస్టర్ జేబులోంచి నీలం పెన్ను తీసింది. ఎరుపు ఎక్కడ ఆగిందో చూసుకుంటా కాలు చుట్టూ గీత గీసింది. కొడవలి గాటుకి నాలుగు వేళ్ళ కింద. “ఇదిగో చూడు. సూది వేసినా, మాత్రలిస్తాండా. కాలు దిండు మీద ఎత్తుగా పెట్టుకుని పండుకో. డాక్టరు వస్తానే నీ సంగతి చెప్తా. సాయంత్రం గానీ పొద్దున గానీ ఎరుపు ఈ గీత దాటిందా, వణుకు వచ్చిందా, ఇంక నన్ను గూడా అడగబాకండి. అదే ఆటోలో పెద్దాసుపత్రికి పోండి.”

ఆ రోజు రోశమ్మని ఇంటికాడ దించి, ఆమె లేకుండానే ముఠాని చేనుకి తీసుకుపోయినా. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి. ఎవరు ఏ సాలు పట్టుకోవాలో తేలక అర్ధగంట కొట్టుకున్నారు.

మరుసటి రోజు పొద్దున ఆటో పోయేసరికి రోశమ్మ టిఫిన్ క్యారియర్ పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. రూబీ మొహంలో వెలుగు. “దాటలేదన్నా! సాయంత్రం చూసినా, ఇప్పుడు చూసినా. గీత లోపలనే ఉంది.” రోశమ్మ చీర అంచు కొంచెం ఎత్తి చూపించింది. గీత కనపడింది, ఎరుపు దాని కిందనే ఉంది. నాకూ ప్రాణం తెరిపిన పడింది. అంతకన్నా ఎక్కువ చూడలేదు. ఆ ఒక్క పని చెయ్యనందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటా.

చేను కంభం దాటినాక. ముఠాని దించి, వేపచెట్టు కింద ఆటోలో కునుకు తీస్తాండా. పన్నెండు దాటింది. ఏసమ్మ ఉరుక్కుంటా వచ్చింది. “రేయ్ శ్యాంసనా, మీ పెద్దమ్మ వణకతాంది. దుప్పటి కావాలంటాంది.”

ఎండ నిప్పులు చెరగతాంది. ఆడోళ్ళ జాకెట్లు చెమటకి ఒంటికి అంటుకుపోయినాయి. ఆ ఎండలో రోశమ్మ గట్టు మీద ముడుచుకుని, పైన నాలుగు గోతాలు కప్పుకుని, పళ్ళు టకటకమని కొట్టుకుంటాంది. గోతాల్లో ఇరుక్కున్న మిరప తొడిమెలు ఆమె వణుకుకి రాలి పడతాండాయి. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. కాలు మాత్రం పొయ్యి మీది పెనం.

చీర తొలగించినా. గీత ఉంది. గీత కింద ఎరుపు ఉంది. కానీ ఆ గీత కొడవలి గాటుకి పైన ఉంది! సిస్టర్ గీసింది గాటుకి కింద. కింద చూస్తే నూనె పెట్టి రుద్దినట్టు నీలం మరక ఒకటి లీలగా మిగిలి ఉంది. ఎరుపు గాటుని మింగేసి, మోకాలి దగ్గరికి వచ్చేసింది. కొత్త గీత వంకరటింకరగా ఉంది.

“పెద్దమ్మా, గీత ఎవరు మార్చినారు?”

పళ్ళ మధ్యలోంచి చెప్పింది. “నేనే.”

“ఎప్పుడు?”

“నిన్న సాయంత్రం ఒకసారి. పొద్దున ఒకసారి. కొబ్బరినూనె రాసి తుడిచినా... రూబీ పెన్ను తీసుకున్నా. అది చూసి, దాటలేదమ్మా అని... కడుపు నిండా అన్నం తినిందిరా పిల్ల.”

నాకు భయమేసింది, దాచేదేముంది. మనిషి కళ్ళ ముందర బతికే ఉంది, మాట్లాడతాంది, అయినా ఆమె ఒంట్లో ఏదో నా చేతికి అందనంత దూరం ఉరుకుతాంది. 108కి చేద్దామంటే ఆ చేలో సిగ్నల్ లేదు. నలుగురం ఎత్తి ఆటోలో పండబెట్టినాం. ఏసమ్మ ఒళ్ళో తలకాయ, కాయల గోతం మీద కాలు.

ఆ దారి నాకు ఏ గుంట ఎక్కడుందో తెలుసు. ఆ రోజు ఒక్క గుంటా గుర్తు రాలేదు. అద్దంలో చూస్తే ఆమె ఎద ఎగిరెగిరి పడతాంది, కుక్క ఉరికొచ్చి ఒగర్చినట్టు. సిగ్నల్ దొరకంగానే రూబీకి ఫోన్ చేసినా. “బస్సెక్కి మార్కాపురం రా” అన్నా. “అమ్మ ఉందా?” అని అడిగింది. “ఉంది” అన్నా. ఆ మాట చెప్పేటప్పుడు అద్దంలో ఇంకోసారి చూసుకుని మరీ చెప్పినా.

తర్లుపాడు దాటినాక వణుకు ఆగిపోయింది. తగ్గిందని సంతోషపడినా. వెనకనుంచి రోశమ్మ గొంతు వినిపించింది. “రెండో సాలు ఎవరు పట్టినారు? పోలేరమ్మని పిలువు. అది నీళ్ళు తాగను పోయి అరగంటయింది.”

పోలేరమ్మ ముఠా మానేసి ఆరేళ్ళయింది. ఏసమ్మ ఏడుపు మొదలుపెట్టింది. నేను యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పినా. అంతకుమించి ఆటోలో తిప్పేదానికి ఏమీ లేదు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ బీపీ చూసి ఒక్క క్షణం గూడా కూర్చోలేదు. రెండు చేతులకీ సెలైన్లు, దాంట్లోకి మందులు. “పొద్దున్నుంచి ఈమె ఒంటికి పోసిందా?” అని ఏసమ్మని అడిగింది. పోయలేదు. డాక్టరమ్మ మొహం మారడం నేను చూసినా.

“కాలికి గదా జబ్బు, మతి ఎందుకు తప్పింది మేడం?” అని అడిగినా.

“మీ ఊర్లో గడ్డివామి అంటుకుంటే ఏం చేస్తారు?”

“బిందెలు తీసుకుని ఉరుకుతాం.”

“నలుగురు ఉరికితే ఆరుతుంది. ఊరు ఊరంతా చీకట్లో ఒకేసారి ఉరికితే? పిల్లల్ని తొక్కుతారు, గోడలు పడతాయి, వామి పక్కన బాగున్న ఇల్లు గూడా పోతుంది. ఈమె ఒళ్ళు ఇప్పుడు అట్ల ఉరుకుతోంది. కాల్లో దూరిన పురుగు చేసే చెరుపు కొంత, దాన్ని ఆర్పను ఒళ్ళు చేసుకునే చెరుపు కొంత. మేం రెండూ ఆపాలి.”

“కాలు...?”

“ముందు మనిషి. చర్మం నల్లబడితే రేపు కోసి, చచ్చిన కండ తీసెయ్యాలి. కాలు తీసే మాట ఇప్పుడైతే లేదు. రేపు ఉండదని మాత్రం నేను రాసివ్వలేను. కాగితం మీద అన్నిటికీ సంతకం కావాలి. ఇంటోళ్ళెవరు?”

“కూతురు వస్తాంది.”

“రాంగానే పెట్టించు” అని అట్ట మీద క్లిప్పు పెట్టిన కాగితం నా చేతికిచ్చి పోయింది.

రెండు సీసాలు ఎక్కేసరికి నాలుగైంది. రోశమ్మ కళ్ళు తెరిచింది. ఈసారి చూపు నిలబడింది. నన్ను గుర్తుపట్టింది. గొట్టంలోకి ఇంత ఒంటికి గూడా వచ్చిందని నర్సు చెప్తే, పండగ కబురు ఇన్నట్టు ఏసమ్మ చేతులు జోడించింది. నా చేతిలో అట్ట రోశమ్మ కంట్లో పడింది.

“ఆ కాగితమేంది?”

అట్ట వీపు వెనక్కి పెట్టుకున్నా. చెప్పకుండానే అర్థమైంది ఆమెకి. వేలితో దగ్గరికి రమ్మని పిలిచింది. ఒంగినా. ఊపిరి ఇంకా వేడిగానే ఉంది.

“మీ పెద్దనాయనకి కాలు తీసినప్పుడు వేలిముద్ర ఎవరిదో తెల్సా? నాది. వెయ్యకపోతే మనిషి దక్కడన్నారు, వేసినా. మెలకువ వచ్చినాక ఎవరు వేసినారని అడిగినాడు. నేనే అన్నా. అంతే. మూడేళ్ళు నా చేతి నీళ్ళు తాగలేదురా. పక్కన నేను కూర్చోనుంటే, బడినుంచి రూబీ రావాల, అది ఇస్తే తాగాల. పోయే రోజు గూడా తాగలేదు. నేను వేసింది ఆయన బతకాలనే. ఆయనకీ తెలుసు. తెలిసి గూడా తాగలేకపోయినాడు. కాలు పోయిన మనిషికి ఎవరో ఒకర్ని తిట్టుకోకుండా పొద్దు గడవదు. నేను మాత్రం ఆయన కన్నా మంచిదాన్నా?”

బయట బస్సు హారన్ ఇనపడింది. ఆమె మెడ తలుపు వైపు తిరిగింది, మళ్ళీ నా వైపు తిరిగింది. సెలైను సూది ఉన్న చేతితోనే నా చొక్కా పట్టుకునింది.

“అది వచ్చేలోపల నువ్వు పెట్టు నాయనా ఆ సంతకం. కొడుకని రాసుకో. కాలు పోతే నిన్ను తిట్టుకుంటా, ఊర్లో అందరి ముందరా తిట్టుకుంటా, నువ్వు పడు. రూబీ చేత మాత్రం పెట్టనియ్యబాక.”