కోయని మూల

కోసిన వరి వాసన తగిలితే వాకాడులో మా పక్క పొలం దేవదానం జ్ఞాపకం వస్తాడు. క్రైస్తవుడైన అతడు పంటంతా కోసి, ఒక మూల మాత్రం వదిలేవాడు.

"మన కూలోళ్లను లాక్కునేదానికే ఈ ఎత్తు. పోయి కనుక్కోనిరా," అని నాన్న నన్ను పంపారు. ఆ మూలలో ఏదో మంత్రించి పాతాడని నా అనుమానం. చూస్తే, మా కూలీ, భర్త పోయిన మస్తాన్‌బీ అక్కడ వెన్నులు కోసుకుంటోంది.

"ఎందుకు వదిలినావు?" అని దేవదానాన్ని నిలదీశాను.

"మా బైబిల్లో పరాయి దేశపు పిల్లొకతె ఇట్టనే వెన్నులేరి అత్తను సాకింది, చిన్నయ్యా. అది చదివినాక ఈ మూలకు కొడవలెట్ట పెట్టేది?"

"కథ కోసం వడ్లు వదిలేదెవడ్రా!" అని, నేనొచ్చి చెప్పింది విని నాన్న నవ్వి, మస్తాన్‌బీని అటు వెళ్లవద్దని శాసించారు.

ఆమె రాకపోయినా అతడు ఆ మూల కోయలేదు, గింజలు నేలరాలాయి. స్వార్థమే ఉంటే కోసుకునేవాడు కదా అన్న చిన్న తర్కం ఆనాడు మాకెవరికీ తోచలేదు.